ఏడుగురికి ఒక తాళం

జూలై 9

రిపోర్టులో రాసిందే ఇక్కడా రాస్తున్నాను. రెండు చోట్లా ఒకటే ఉండాలి.

నిన్న ఉదయం పదకొండు నలభై నాలుగుకి మూడో నంబరు బ్యాటరీ కంటైనర్‌లో అప్పలరాజు కుడిచేయి కాలింది. అతను లోపల కేబుల్ బిగిస్తుండగా తవిటయ్య చిన్నాన్న స్విచ్‌రూమ్‌లో తాళం తీసి కరెంటు ఇచ్చేశాడు. లోపల మనిషి ఉన్నాడో లేదో చూసుకోలేదు. అప్పలరాజు కాళ్లకు సేఫ్టీ బూట్లు లేవు. సూపర్‌వైజరు నేనే; ఆ సమయంలో ఆఫీసు గదిలో ఉన్నాను.

అంతే.

జూలై 10

చూపుడువేలు, మధ్యవేలు తీసేశారట. బొటనవేలు ఉంది. అప్పలరాజుకి ఇరవై ఆరేళ్లు. చిన్నాన్నకి మేనల్లుడు.

హాస్పిటల్‌కి వెళ్లలేదు. రేపు వెళ్తాను.

జూలై 11

వాన. వెళ్లలేదు.

జూలై 14

విచారణ అయిపోయింది. అరగంట కూడా పట్టలేదు.

ప్రాజెక్ట్ హెడ్ సిన్హా సాబ్ అడుగుతుంటే సేఫ్టీ క్లర్క్ మోహిత్ రాసుకున్నాడు. చిన్నాన్న టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తాలా కిస్నే ఖోలా?"

"హమ్ ఖోలా సాబ్." తాళం తీసింది తానేనన్నాడు.

"కిసీనే బోలా థా ఖోల్నే కో?"

ఎవరైనా తీయమన్నారా అని. నేను టేబుల్ మీది అద్దం కింద పెట్టిన పాత క్యాలెండర్ చూస్తున్నాను.

"నై సాబ్. హమ్ ఖుద్ ఖోలా." లేదు, తనంతట తానే తీశానని.

తర్వాత రోజువారీ షీటు తీశారు. అందులో ఏడు తాళాలు వేసినట్టు నా సంతకంతో ఉంది. స్విచ్ మీద ఉన్నది ఒక్క తాళమే. సిన్హా సాబ్ నా వైపు తిరిగేలోపే చిన్నాన్న తెలుగులో అందుకున్నాడు. "ఏడు ఏసేవని నానే సెప్పినాను. పాపం ఆ అమ్మాయి రాసుకుంది. మోహిత్ బాబూ, సాబుకి సెప్పు." మోహిత్‌కి తెలుగు రాదు. నేనే హిందీలో చెప్పాల్సి వచ్చింది. ఆయన నా గురించి చెప్పిన అబద్ధాన్ని నా నోటితో నేనే అనువదించాను.

ఇకమీదట షెడ్డులో ఏ కాంట్రాక్టరు కిందా ఆయనకి పని ఇవ్వకూడదన్నారు. గేట్‌పాస్ తీసేసుకున్నారు. బయటికొచ్చాక సైకిల్ తాళం తీస్తూ, ఎప్పుడు ఎదురైనా అడిగేదే అడిగాడు.

"తిన్నావా అమ్మీ?"

తిన్నానన్నాను. తినలేదు.

ఫోన్‌లో ఆ కాల్ ఇంకా ఉంది. 11:42. పందొమ్మిది సెకన్లు.

జూలై 16

తాళం తీసింది ఆయనే. ఇందులో అబద్ధం లేదు.

ఈ ఒక్క తాళం సంగతి కొత్తది కాదు. కంటైనర్‌లోకి వెళ్లే ప్రతి మనిషీ స్విచ్‌కి తన తాళం తానే వేసుకోవాలి, బయటికొచ్చాక తానే తీసుకోవాలి. ఏడుగురుంటే ఏడు తాళాలు. ఒక్కటి మిగిలినా కరెంటు రాదు. గోడమీద బొమ్మలతో సహా రాసి ఉంది. కానీ చిన్నాన్న జట్టంతా టెక్కలి వైపువాళ్లు, ఒకళ్లకొకళ్లు బంధువులు. పెద్దాయన వేస్తే అందరిదీ వేసినట్టే. మొదటివారమే నేను తాళాలు పంచబోతే ఆయన నవ్వాడు. "నాను ఏసినాక ఇంకోడు ఏసుకున్నాడంటే నన్ను నమ్మనేదనే గదమ్మీ." మిగతావాళ్లు తాళాలు పుచ్చుకోకుండా చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

నాన్న, ఆయన ఒకే రైలుబండిలో జంషెడ్‌పూర్ వచ్చారు. బారిడీహ్‌లో పక్క పక్క ఇళ్లు. నాన్న పోయాక డిప్లొమా సర్టిఫికెట్ చేతికిచ్చి నన్ను మొదటి కాంట్రాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది ఆయనే. అలాంటి మనిషికి నీ మీద నమ్మకం లేదని ఎలా చెప్పను?

రోజూ ఏడు అని రాశాను.

జూలై 20

మెయిల్ వచ్చింది. మేం ఆదిత్యపూర్ షెడ్డులో కట్టి పరీక్షించే ఈ కంటైనర్లు గుజరాత్ తీరానికి అవతల సముద్రం మధ్య వేదిక మీద పెడతారు. గాలిమరల కరెంటు మిగిలినప్పుడు అక్కడ దాచి, గాలి లేనప్పుడు ఒడ్డుకి పంపుతారు. ఆ వేదికకి సైట్ మేనేజర్ కావాలి. నలుగురిని ఎంపికకి పిలిచారు. వాళ్లలో నేనొకదాన్ని.

మూడేళ్లు దీనికోసమే చదివాను. సముద్రం మీద పనిచేసే మేనేజర్లలో ఆడవాళ్లు ఎంతమంది ఉంటారు?

సిన్హా సాబ్ అన్నారు: "రికార్డ్ సాఫ్ హై తుమ్హారా." నా రికార్డు శుభ్రంగా ఉందట.

జూలై 27

ఆదివారం. అమ్మ ఎండుచేపలు పొట్లం కట్టుకుని చిన్నాన్న ఇంటికి వెళ్లింది. పోయిన ఆదివారం కూడా వెళ్లింది. ధనమ్మ పిన్నితో మధ్యాహ్నందాకా ఉంటుంది. ఎందుకని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఆగస్టు 3

సముద్రం మీద పోస్టుకి నీళ్లలో ప్రాణం కాపాడుకునే శిక్షణ తప్పనిసరి. దానికి ముందు ఈత రావాలి. కద్మాలో కొలనుకి వెళ్లాను. ముప్ఫై నాలుగేళ్లకి మొదటిసారి. మోకాళ్లదాకా ఉండే ఈత బట్టల్లో నన్ను నేను చూసుకుని గదిలోంచి బయటికి రావడానికి పది నిమిషాలు పట్టింది.

కోచ్ గౌరీదేవి మేడమ్ నా నడుం కింద చేయి పెట్టి వెల్లకిలా పడుకోబెట్టింది. చేయి తీయగానే మునిగాను.

"ఢీలా ఛోడో! లోహా బన్‌కే లేటీ హో!"

ఒళ్లు వదులు చేయాలట, ఇనుములా పడుకున్నానట. జంషెడ్‌పూర్ దాన్ని, ఇంకెలా పడుకుంటాను అన్నాను. ఆమె నవ్వింది. నెలరోజుల్లో నేను చేసిన మొదటి హాస్యం.

ఆగస్టు 12

ఇంటర్వ్యూ. ముంబై నుంచి ముగ్గురు, కంప్యూటర్ తెర మీద.

మొదటి అరగంట బ్యాటరీలు, మంటలు, తుఫాను వస్తే మనుషుల్ని దించే క్రమం. అన్నీ చెప్పాను. అప్పుడు వాళ్లలో కళ్లద్దాలు పెట్టుకున్న ఆవిడ అడిగింది. మీ సైటులో జరిగిన ఒక వైఫల్యం చెప్పండి, దాని తర్వాత మీరేం చేశారో చెప్పండి.

చెప్పాను. మా షెడ్డులో ఒక పాత అలవాటు ఉండేది, జట్టు పెద్ద ఒక్కడే అందరి తరఫునా తాళం వేసేవాడు, అతని పొరపాటు వల్ల ఒక కుర్రాడికి రెండు వేళ్లు పోయాయి. వారం తిరక్కుండా ప్రతి మనిషికీ తన ఫొటో అతికించిన తాళం ఇచ్చాను, వేయనివాణ్ణి లోపలికి పంపలేదు, మొదట గొణిగారు, ఇప్పుడు వాళ్లే అడిగి వేసుకుంటున్నారు. ప్రతి మాటా నిజం. "అతని పొరపాటు" అన్న దగ్గర నా గొంతు మారలేదు. మారుతుందేమోనని భయపడ్డాను. మారలేదు.

అద్దాలావిడ రాసుకుంటూ తలూపింది. సముద్రం మీద ఇలాంటివాళ్లే కావాలంది.

ఆగస్టు 13

కుర్రాడు అన్నాను. అప్పలరాజు అని పేరు కూడా చెప్పలేదు.

ఆగస్టు 22

ఉద్యోగం వచ్చింది. అక్టోబరు ఆరున చేరాలి.

ఆగస్టు 24

బారిడీహ్ అంతా ఇంటికొచ్చింది. కాసిడీహ్‌లో ఉండే మా చుట్టం పద్మశ్రీ లడ్డూల డబ్బా తెచ్చింది. ఆడవాళ్లు మంచం మీద, మగవాళ్లు గుమ్మం బయట.

"సముద్రంలో ఇల్లేటమ్మీ, ఎక్కడ పడుకుంటావు?"

"ఓలమ్మా, మనోళ్లు సముద్రంలోకెల్తే సేపలు తెచ్చీవోరు. ఈ గుంట కరెంటు తెత్తాదంట!"

అందరూ నవ్వారు. ధనమ్మ పిన్ని కూడా వచ్చింది. నా తల నిమిరి మెటికలు విరిచింది. చిన్నాన్న ఇప్పుడు సాక్చిలో ఒక దుకాణం ముందు కుర్చీ వేసుకుని కాపలా ఉంటున్నాడట, అందుకే రాలేదట. "నీ కోసం రోజూ అడుగుతాడు. ఎల్లే ముందు ఓసారి కనబడు" అంది.

ఆమె పెట్టిన లడ్డూ సగం తిని మిగతాది పక్కన పెట్టాను. జలుబన్నాను.

ఆగస్టు 31

నీళ్ల మీద పన్నెండు సెకన్లు తేలాను.

సెప్టెంబరు 5

పోయిన ఏడాది విశ్వకర్మ పూజకి కంటైనర్ల తలుపులకి పసుపు రాశారు, కుంకుమ పెట్టారు. ఆ రోజు నుంచి చిన్నాన్న జట్టు బూట్లతో లోపలికి వెళ్లడం మానేసింది. పూజచేసిన గడప బూట్లతో ఎలా తొక్కుతాం అన్నారు. కరెంటు పనిలో బూటు తీయకూడదు. నాకు తెలుసు. నేనూ ఆ గడప దగ్గర చెప్పులు విడిచే లోపలికి వెళ్లేదాన్ని.

పైగా అది నాకు వీలుగా ఉండేది. ఆఫీసు కిటికీలోంచి చూస్తే తలుపు ముందు బూట్ల జతలు కనిపిస్తాయి. ఎన్ని జతలుంటే అంతమంది లోపల. లేచి వెళ్లనక్కర్లేదు, పేర్లు పిలవనక్కర్లేదు. పది నెలలు అలాగే లెక్కపెట్టాను. ఎప్పుడూ తప్పలేదు.

సెప్టెంబరు 6

జూలై 8న వాన పడుతోంది. ముంబై నుంచి వచ్చినవాళ్లు కంటైనర్‌లో కరెంటు చూడాలని సిన్హా సాబ్ గదిలో కూర్చున్నారు. రెండుసార్లు మనిషిని పంపారు, ఇంకెంతసేపని. కిటికీలోంచి చూశాను. తలుపు ముందు ఒక్క జత కూడా లేదు. జట్టు టీకి వెళ్లి స్విచ్‌రూమ్ రేకుల కింద ఉంది. అక్కడినుంచి వాళ్లకి కంటైనర్ కనబడదు. నాకు కనబడుతుంది.

ఫోన్ చేశాను. "సిన్నాన్నా, అందరూ బయటికొచ్చీసారు, బూట్లు ఒక్క జతా నేదు, నాను సూసేను. తాళం తీసెయ్."

"సూసేవు కదా?"

"సూసేను."

ఆయన తీశాడు.

అప్పలరాజు ఒక్క కేబుల్ మిగిలిందని టీ మానేసి వెనక్కి వెళ్లాడు. బూట్లు తడుస్తాయని చేత్తో పట్టుకెళ్లి లోపల మూల పెట్టుకున్నాడు.

రాసేశాను. ఈ పేజీ చింపేయొచ్చు.

సెప్టెంబరు 7

చింపలేదు. కాల్ కూడా చెరపలేదు. అలాగని ఎవరికీ చూపించలేదు. ఇదేం నిజాయితీయో నాకు తెలియదు.

సెప్టెంబరు 17

విశ్వకర్మ పూజ. కాబోయే సైట్ మేనేజర్‌నని నాచేత కొబ్బరికాయ కొట్టించారు. తాళాల బోర్డుకి కూడా బంతిపూల దండ వేశారు. ముంబైవాళ్ల పత్రికలో వేయడానికి మోహిత్ నన్ను ఆ బోర్డు పక్కన నిలబెట్టి ఫొటో తీశాడు.

అప్పలరాజు వచ్చాడు. పూజకి పాతవాళ్లనీ రానిస్తారు. కుడిచేయి జేబులో ఉంది. ప్రసాదం ఎడమచేత్తో పుచ్చుకోవడానికి సిగ్గుపడి, కుడిచేయి తీసి, మూడు వేళ్లతో పట్టుకున్నాడు. నేను పక్కకి తిరిగాను. అతనే దగ్గరికి వచ్చాడు.

"ఎప్పుడెల్తన్నావక్కా?"

"ఆరున చేరాలి."

"మంచిది. మావ శానా కుశీగా ఉన్నాడు. అక్కడైనా బూట్లు సూసి లెక్కెట్టకక్కా. మనుసుల్ని సూడు."

వెటకారం లేదు. జాగ్రత్త చెబుతున్నట్టే అన్నాడు. నీకెవరు చెప్పారు అని అడిగాను.

"మావకి సెవుడు కదా. ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటాది. టీ తాగతన్నోళ్లందరూ నీ మాట ఇన్నారు. ఆస్పత్రికొచ్చి సెప్పీసినారు."

చిన్నాన్న ఫోన్‌ని మూర దూరంలో పట్టుకుని అరుస్తాడు. ఇన్నేళ్లుగా చూస్తున్నాను. ఒక్కసారి కూడా తట్టలేదు.

"మరెందుకు చెప్పలేదు?"

"మావ ఒద్దన్నాడు." ఇంకేం చెప్పాలన్నట్టు చూశాడు.

సెప్టెంబరు 18

అంటే లడ్డూలు తెచ్చిన రోజుకే అందరికీ తెలుసు.

సెప్టెంబరు 19

అమ్మని అడిగాను. బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తలేదు.

"తెల్సు."

"ఎప్పట్నుంచి?"

"ఆ సాయంత్రమే ధనమ్మ సెప్పింది. నువ్వు నాకు సెప్తావని సూసేను." ఇంకో రాయి ఏరి పక్కన పెట్టింది. "ఎండుసేపలు కాకపోతే నాను ఇంకేటి పట్టుకెల్లగలను?"

సెప్టెంబరు 21

చిన్నాన్న ఇంటికి వెళ్లాను. గుమ్మంలో కూర్చుని సైకిల్ చైనుకి నూనె వేస్తున్నాడు. చూడగానే, "తిన్నావా అమ్మీ? ధనా, అన్నం ఎట్టు."

తిన్నాక చెప్పాను. కాగితం రాసి సిన్హా సాబ్‌కి ఇస్తానని. ఆయన చెవి దగ్గరే గట్టిగా చెప్పాల్సి వచ్చింది. పక్కింటివాళ్లు విన్నారు. విననీ అనుకున్నాను.

"ఎందుకేటి? నీ పాణం తేలికవ్వడానికా?"

ఆయన చైను మీద మిగిలిన నూనె గుడ్డతో తుడిచాడు.

"నాకింక రెండేళ్లు. ఎలాగూ ఇంట్లో కూకోవాలి. నువ్విప్పుడు సెప్తే నీ కొలువు పోద్ది, నాను అబద్ధాలోణ్ణవుతాను. ఎవులికి లాబం? మనోళ్లలో ఓ గుంట ఆఫీసరవుతాది, నా సేతిమీద అవుతాదనుకున్నాను. అది కూడా ఉంచవా?"

"అప్పలరాజు వేళ్లో?"

నూనె డబ్బా మూత పెట్టి లోపలికి వెళ్లాడు. మళ్లీ బయటికి రాలేదు. ధనమ్మ పిన్ని నన్ను సందు చివరిదాకా సాగనంపింది.

సెప్టెంబరు 23

ఒకటిన్నర పేజీ. ఒక్క తాళం సంగతి, ఏడు అని రాసిన షీట్లు, బూట్ల లెక్క, ఫోన్.

సిన్హా సాబ్ చదివి వెనక్కి తోశారు. ఎవరూ అడగలేదు కదా అన్నారు. పదమూడు రోజుల్లో వెళ్లిపోయేదానివి, ఫైలు మూసేశాం, ఇంటికి తీసుకెళ్లి ఒకసారి ఆలోచించుకో అన్నారు. కోపం లేదు. నా మంచికే చెప్పారు.

కాగితం తీసుకుని బయటికి వచ్చాను. మెట్ల మీద నిలబడ్డాను. ఇంటికి తీసుకెళ్తే మళ్లీ తేనని తెలుసు.

మోహిత్ టేబుల్ దగ్గరికి వెళ్లాను. వచ్చిన ప్రతి కాగితానికీ ముద్ర వేసి పుస్తకంలో ఎక్కించేది అతనే. చదివి నా ముఖం చూశాడు.

"దీదీ, ఠప్పా లగ్ గయా తో వాపస్ నహీఁ హోగా."

ముద్ర పడితే వెనక్కి రాదట.

"లగావ్" అన్నాను. వేయమని.

సెప్టెంబరు 26

మళ్లీ విచారణ. ముంబై నుంచి ఒకాయన వచ్చాడు. చిన్నాన్న ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. నా వైపు చూడలేదు.

"ఏ లడ్‌కీ ఝూట్ బోల్తా హై సాబ్. హమ్‌కో బచానే కో." తనని కాపాడటానికి నేను అబద్ధం ఆడుతున్నానని.

నేను ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టాను. 11:42. పందొమ్మిది సెకన్లు. ముంబై ఆయన చూసి చిన్నాన్నకి చూపించాడు. ఈ అమ్మాయి ఏమంది?

చిన్నాన్న తడుముకోలేదు.

"పూఛా, ఖానా ఖాయా క్యా."

తిన్నావా అని అడిగిందట.

సిన్హా సాబ్ వెనక్కి వాలారు. ముంబై ఆయన పెన్ను మూత పెట్టాడు. అప్పలరాజుని లోపలికి పిలిచి అడిగారు. అతను మావ ముఖం చూసి తల దించుకున్నాడు. పెద్దాయన చెప్పాక ఇంకేముంది? బయట నిలబడిన మిగతా ఐదుగురూ అంతే చెబుతారు.

ఇది కూడా రాయాలి. ఆ క్షణంలో నాకు సుఖంగా అనిపించింది. చెప్పవలసింది చెప్పాను, ఎవరూ నమ్మలేదు, ఉద్యోగం ఉంది. భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. కొలనులో మేడమ్ రెండు నెలలుగా దింపమంటున్న భుజాలు.

సిన్హా సాబ్ కాగితాలు సర్దుతున్నారు. లేచి చిన్నాన్న ముందు నిలబడ్డాను.

"సిన్నాన్నా, ఈసారి నా తాళం నువ్వు ఎయ్యకు. నన్ను ఏసుకోనీ."

వినబడలేదేమో అనుకున్నాను. ఇంకా గట్టిగా చెప్పాను. ఇదంతా తనని నమ్మలేదనడమే అని ఆయనకి అనిపించి ఉంటుంది. టోపీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"హాఁ సాబ్" అన్నాడు చివరికి, గోడ వైపు చూస్తూ. "బోలా థా. ఖోల్నే కో బోలా థా." తాళం తీయమని నేనే చెప్పానని.

అప్పుడు అప్పలరాజు తలెత్తాడు.

అక్టోబరు 6

ఈ రోజు చేరవలసింది. నిర్ణయం అయ్యేదాకా ఆపామని మెయిల్ ఇచ్చారు. సూపర్‌వైజరు పని కూడా తీసేసి స్టోరులో కూర్చోబెట్టారు. గుజరాత్‌కి వేరే ఆయన వెళ్తున్నాడు. అతనికి ఇవ్వవలసిన డ్రాయింగులు నేనే వరుసగా పెట్టి పెట్టెలో సర్దాను.

బారిడీహ్‌లో ఎవరూ ఏమీ అనడం లేదు. కుళాయి దగ్గర నాకు చోటు ఇస్తున్నారు, మాట ఆపేస్తున్నారు.

అక్టోబరు 12

ఈ ఆదివారం అమ్మ ఎండుచేపలు పొట్లం కట్టలేదు.

అక్టోబరు 15

చిన్నాన్నకి గేట్‌పాస్ తిరిగి ఇచ్చారు. అప్పలరాజుకి తాళాల బోర్డు దగ్గర కూర్చుని పేర్లు సరిచూసే పని ఇచ్చారు.

పొద్దున స్టోరు కిటికీలోంచి చూశాను. చిన్నాన్న తన ఫొటో ఉన్న తాళం తీసుకుని స్విచ్‌కి వేశాడు. పక్కకి జరిగాడు. జట్టువాళ్లు ఒక్కొక్కరే వచ్చి తమవి వేసుకుంటుంటే చేతులు వెనక్కి పెట్టుకుని చూశాడు. తర్వాత బూట్లతోనే గడప దాటాడు. దాటే ముందు ఒక్క క్షణం ఆగాడు.

మధ్యాహ్నం గ్లౌజుల కోసం స్టోరుకి వచ్చాడు. రెండు జతలు ఇచ్చాను. పుస్తకంలో సంతకం పెట్టాడు. నేను నిలబడే ఉన్నాను.

తిన్నావా అని అడగలేదు.